క్లౌడ్ ఆటోమేషన్‌లో నెట్‌వర్కు చిరునామాల బాహ్య నిర్వహణ, సేవాద్వారాల అమరిక: నిజామాబాద్ - బోధన్ ప్రాంతానికి అన్వయం

కంప్యూటర్ నెట్‌వర్కులో ప్రతి యంత్రానికి ఒక చిరునామా ఉండాలి. ఒక చిరునామా ఒకే యంత్రానికి చెందాలి. యంత్రాలను సిబ్బంది ఒక్కొక్కటిగా అమర్చిన రోజులలో ఈ నియమాన్ని కాపాడడానికి ఒక రిజిస్టరు, దానిని శ్రద్ధగా నిర్వహించే ఒక ఉద్యోగి సరిపోయేవారు. అభ్యర్థన అందిన కొద్ది నిమిషాలలోనే పదుల సంఖ్యలో సర్వర్లను సాఫ్ట్‌వేరే సృష్టించి, అవసరం తీరగానే తొలగించే క్లౌడ్ ఆటోమేషన్ వచ్చిన తర్వాత ఆ ఏర్పాటు చాలదు. చిరునామాల లెక్క ఎక్కడ ఉండాలి, ఎవరి అధీనంలో ఉండాలి, సర్వర్లను సృష్టించే వ్యవస్థ ఆ లెక్కను ఏ మార్గంలో సంప్రదించాలి అనే విషయాలను ముందుగానే నిర్ణయించుకోవలసి ఉంటుంది. ఈ మూడింటినీ కలిపి ఐపీ చిరునామాల బాహ్య నిర్వహణ అంటున్నారు. జిల్లా కార్యాలయాల సాంకేతిక సిబ్బందికి, కంప్యూటర్ విద్యార్థులకు ఉపయోగపడే విధంగా ఆ వివరాలను ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

"బాహ్య" అనే మాట ఇక్కడ తరచుగా అపార్థానికి దారితీస్తుంది. చిరునామాల లెక్కను ప్రభుత్వానికో, సంస్థకో వెలుపల ఉంచాలని దీని అర్థం కాదు. సర్వర్లను సృష్టించే ఆటోమేషన్ సాఫ్ట్‌వేరుకు వెలుపల, దానికి లోబడకుండా, అన్ని వ్యవస్థలకూ ఉమ్మడిగా ఉండే రిజిస్టరు అని మాత్రమే అర్థం.

చెరకు రిజిస్టరుతో పోలిక

బోధన్ ప్రాంతపు పాఠకులకు ఈ ఏర్పాటు కొత్తది కాదు. మంజీరా నదిపై 1923లో ప్రారంభమై 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాలతో చెరకు సాగు విస్తరించగా, 1930ల చివరలో బోధన్ వద్ద శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా దానికి పేరు. చక్కెర కర్మాగారాలన్నింటిలోనూ అనుసరించే పద్ధతి ఒకటే. రైతు పేరు, గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం, చెరకు రకం, నాటిన తేదీ కర్మాగారపు రిజిస్టరులో నమోదవుతాయి. తోట పక్వానికి వచ్చిన క్రమంలో కటింగ్ ఆర్డర్లు జారీ అవుతాయి. ఆర్డరు చేతికి రానిదే కోత మొదలు కాదు.

గుంపులు గుంపులుగా కోత కూలీలు, ఎడ్ల బండ్లు, ట్రాక్టర్లు పనిలోకి దిగినా ఆర్డర్లు జారీ చేసే రిజిస్టరు మాత్రం ఒక్కటే. ఏ ముఠా మేస్త్రీ తన జేబులోని చిట్టా చూసి ఆర్డరు రాయడు. అలా రాస్తే ఒకే రోజున యార్డుకు రావలసిన దానికి రెట్టింపు చెరకు చేరి, గానుగకు ఎక్కకముందే ఎండి బరువూ, రసంలోని చక్కెర శాతమూ తగ్గుతాయి. ఆ నష్టం రైతుది.

క్లౌడ్ ఆటోమేషన్‌లో కోత ముఠాల స్థానంలో ఉన్నవి సర్వర్లను సృష్టించే సాఫ్ట్‌వేర్లు. ఒక డేటా సెంటరులో ఇటువంటివి రెండో, మూడో ఉండవచ్చు. ఒక్కొక్కటి తన సొంత చిట్టాలోంచి చిరునామాలు పంచితే జరిగేది పైన చెప్పినదే. రిజిస్టరు వాటికి వెలుపల ఉండవలసిన కారణం ఇదే. నిజాం చక్కెర కర్మాగారంలో 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు యాజమాన్యానికి బదిలీ కాగా, 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడింది. బోధన్ చుట్టుపక్కల చెరకు విస్తీర్ణం బాగా తగ్గి, వరి ఆ స్థానాన్ని ఆక్రమించింది. అయినా కటింగ్ ఆర్డరు మాట ఆ గ్రామాలలో ఇంకా వాడుకలోనే ఉంది.

నెట్‌వర్కు జిల్లాకు వచ్చిన క్రమం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1990ల చివరలో సచివాలయాన్ని అప్పటి 23 జిల్లా కేంద్రాలతో కలుపుతూ ఏపీస్వాన్‌గా పిలిచే రాష్ట్రవ్యాప్త నెట్‌వర్కు తొలి దశ ఏర్పడింది. నిజామాబాద్ ఆ విధంగా హైదరాబాద్‌తో అనుసంధానమైంది. 2005 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 3,334 కోట్ల రూపాయల అంచనాతో అన్ని రాష్ట్రాలకూ ఇటువంటి నెట్‌వర్కుల పథకాన్ని ఆమోదించింది. రాష్ట్ర కేంద్రం, జిల్లా కేంద్రం, బ్లాకు కేంద్రం అనే 3 అంచెలు, అంచెకూ అంచెకూ మధ్య కనీసం సెకనుకు 2 మెగాబిట్ల సామర్థ్యం దాని ప్రమాణం. 2008 జనవరిలో రాష్ట్ర డేటా సెంటర్ల పథకం, 2014లో మేఘ్‌రాజ్ పేరిట ప్రభుత్వ క్లౌడ్ వచ్చాయి. 2011 నవంబరులో మీ సేవ ప్రారంభం కావడంతో ధ్రువపత్రాల జారీ ఈ నెట్‌వర్కులపై ఆధారపడింది. 2016 ఏప్రిల్ 14న జాతీయ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ దేశంలోని 21 మార్కెట్లలో ప్రారంభమైనప్పుడు వాటిలో నిజామాబాద్ మార్కెట్ యార్డు ఒకటి. పసుపు ధర తెరపై కనిపించడమూ అప్పటినుంచి నెట్‌వర్కు మీద ఆధారపడిన విషయమే.

ఈ క్రమంలో చిరునామాల ప్రణాళికకు అతి పెద్ద పరీక్ష సాంకేతిక రంగం నుంచి కాక పరిపాలన రంగం నుంచి వచ్చింది. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. 2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. 36 మండలాల నిజామాబాద్ జిల్లా నుంచి కామారెడ్డి వేరు జిల్లాగా ఏర్పడింది. 2019 ఫిబ్రవరిలో మరో 2 చేరి జిల్లాల సంఖ్య 33కు పెరిగింది. ఒక ఐపీ చిరునామాలోని రెండవ అంకెను జిల్లా సంఖ్యగా, మూడవ అంకెను మండల సంఖ్యగా నిర్ణయించుకోవడం చూడడానికి ముచ్చటైన పద్ధతి. అయితే జిల్లా సరిహద్దు మారిన రోజున యంత్రాలకు కొత్త చిరునామాలు ఇవ్వాలి, లేదా చిరునామా ఒక జిల్లా పేరు చెబుతుండగా కార్యాలయం మరో జిల్లాలో ఉండే పరిస్థితిని భరించాలి. చిరునామా అంకెలు నెట్‌వర్కులో యంత్రం ఉన్న చోటును మాత్రమే తెలపాలి. జిల్లా, మండలం, శాఖ, బాధ్యత గల అధికారి హోదా వంటి వివరాలను రిజిస్టరులో విడి గడులుగా నమోదు చేయాలి. అప్పుడు సరిహద్దు మారితే గడిలోని మాట మారుతుంది, యంత్రం జోలికి పోవలసిన పని లేదు.

చిరునామాల లెక్క

నాలుగవ తరం ఇంటర్నెట్ ప్రోటోకాల్ చిరునామా 32 బిట్లు. మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లు. ప్రపంచ స్థాయి నిల్వ 2011 ఫిబ్రవరిలో, ఆసియా పసిఫిక్ ప్రాంతపు సాధారణ నిల్వ అదే సంవత్సరం ఏప్రిల్‌లో అడుగంటాయి. అంతర్గత నెట్‌వర్కుల కోసం 1996లోనే 3 శ్రేణులను ప్రత్యేకించారు. 10తో మొదలయ్యే శ్రేణిలో 1,67,77,216, 172.16తో మొదలై 172.31తో ముగిసే దానిలో 10,48,576, 192.168తో మొదలయ్యే దానిలో 65,536 చిరునామాలు ఉన్నాయి. ఈ చిరునామాలను ఎవరి అనుమతీ లేకుండా ఏ సంస్థ అయినా లోపల వాడుకోవచ్చు. ఇబ్బంది కూడా అక్కడే మొదలవుతుంది. ఎవరి అనుమతీ అవసరం లేనందున రెండు శాఖలు వేర్వేరుగా ఒకే శ్రేణిని ఎంచుకుంటాయి. ఆ రెండు శాఖల సర్వర్లనూ ఒకే క్లౌడ్‌లోకి తరలించిన రోజున ఘర్షణ బయటపడుతుంది.

సౌలభ్యం కోసం ఒక ఊహాత్మకమైన ఉదాహరణ తీసుకుందాం. దిగువ అంకెలు ఏ వాస్తవ నెట్‌వర్కుకూ చెందినవి కావు. నిజామాబాద్ జిల్లాకు 10.40.0.0/16 శ్రేణిని కేటాయించారనుకుంటే అందులో 65,536 చిరునామాలు ఉంటాయి. జిల్లా కేంద్రానికి 10.40.0.0/20 ఇస్తే 10.40.15.255 వరకు 4,096, బోధన్‌కు 10.40.16.0/22 ఇస్తే 10.40.19.255 వరకు 1,024 చిరునామాలు లభిస్తాయి. హైదరాబాద్ డేటా సెంటరులో ఈ ప్రాంతానికి సేవలందించే వెబ్ సర్వర్ల వరుసకు 10.50.8.0/24 కేటాయిస్తే అందులోని 256లో మొదటిది, చివరిది పోగా 254 మిగులుతాయి. వాటిలోనూ మొదటి 20 చిరునామాలను గేట్‌వే, లోడ్ బ్యాలెన్సరు వంటి వాటికి అట్టిపెట్టి, మిగిలిన 234 మాత్రమే ఆటోమేషన్‌కు అప్పగించాలి. అట్టిపెట్టిన చిరునామాలను రిజిస్టరులో "నిషిద్ధం" అని గుర్తించడం మరువరాదు. ఖాళీగా కనబడిన చిరునామాను సాఫ్ట్‌వేరు తీసుకుంటుంది. అది గేట్‌వేకు ఉద్దేశించినదని ఊహించే శక్తి దానికి లేదు.

ఒకే చిరునామా రెండు యంత్రాలకు పడితే ఏమవుతుంది? రెండూ ఆగిపోతే తప్పును పట్టుకోవడం తేలిక. వాస్తవంలో అలా జరగదు. ఆ చిరునామా ఎవరిదని నెట్‌వర్కులోని స్విచ్చి, గేట్‌వే అడిగినప్పుడు ఒకసారి ఒక యంత్రం, మరొకసారి రెండవ యంత్రం బదులు చెబుతాయి. బోధన్‌లోని సేవా కేంద్రంలో ఉదయం వచ్చిన ధ్రువపత్రం మధ్యాహ్నం రాదు, సాయంత్రం మళ్లీ వస్తుంది. "సర్వరు డౌన్" అన్న జవాబుతో బస్సు ఛార్జీ పెట్టుకుని వచ్చిన వ్యక్తి తిరిగి వెళతాడు. సాంకేతిక సిబ్బంది చూసే సమయానికి అంతా సవ్యంగానే ఉంటుంది. యంత్రం చిరునామాను స్వీకరించే ముందు అది ఇతరుల వాడుకలో ఉన్నదా అని విచారించే పద్ధతిని 2008లో ప్రమాణంగా రూపొందించారు. అది ఒకే నెట్‌వర్కు విభాగంలో ఆ క్షణాన నడుస్తున్న యంత్రాలను మాత్రమే పట్టుకోగలదు. ఆపివేసి ఉన్న సర్వరు చిరునామాను అది కాపాడలేదు. రిజిస్టరు కాపాడుతుంది.

సేవాద్వారం అనగా

ఆటోమేషన్ సాఫ్ట్‌వేరు స్వయంగా సర్వరును తయారు చేయదు, చిరునామాను కేటాయించదు, పేరును నమోదు చేయదు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క వ్యవస్థను ఆదేశిస్తుంది. ఆ వ్యవస్థను చేరుకోవడానికి కావలసిన వివరాల మూటనే ఎండ్‌పాయింట్ లేదా సేవాద్వారం అంటారు. అందులో వ్యవస్థ ఉన్న చోటు, ప్రవేశానికి వాడే ఖాతా, రహస్య పదం, ఆ వ్యవస్థ నిజమైనదేనని రుజువు చేసే భద్రతా సర్టిఫికెట్ ఉంటాయి.

ప్రపంచవ్యాప్తంగా ప్రభుత్వ, ప్రైవేటు డేటా సెంటర్లలో విస్తృతంగా వాడుకలోకి వచ్చిన వీఎంవేర్ సంస్థ ఆటోమేషన్ సాఫ్ట్‌వేరును ఇందుకు నమూనాగా తీసుకోవచ్చు. 2014 నుంచి వీరియలైజ్ ఆటోమేషన్‌గా, 2022 నుంచి ఏరియా ఆటోమేషన్‌గా పేరు మారిన ఈ ఉత్పత్తి, 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొనుగోలు చేసిన తర్వాత వీసీఎఫ్ ఆటోమేషన్‌గా కొనసాగుతోంది. పేర్లు మారినా పని వరుస పెద్దగా మారలేదు.

7వ తరం వీరియలైజ్ ఆటోమేషన్‌లో చిరునామాల రిజిస్టరును నేరుగా కలపడం సాధ్యం కాదు. మధ్యలో ఆర్కెస్ట్రేటర్ అనే పని వరుసల వ్యవస్థ ఉంటుంది. చిరునామాల నిర్వహణ సాఫ్ట్‌వేరును తయారుచేసిన సంస్థ, ఉదాహరణకు ఇన్ఫోబ్లాక్స్, ఇచ్చే ప్లగిన్‌ను మొదట ఆర్కెస్ట్రేటర్‌లో చేర్చాలి. తర్వాత దానితో పాటు వచ్చిన నమోదు పని వరుసను నడిపి, ఈ రకపు సేవాద్వారం ఒకటి ఉన్నదని ఆటోమేషన్ వ్యవస్థకు తెలియజేయాలి. ఆర్కెస్ట్రేటర్‌ను కూడా ఒక సేవాద్వారంగా నమోదు చేసి దానికి ప్రాధాన్య సంఖ్య ఇవ్వాలి. ఒకటి కంటే ఎక్కువ ఆర్కెస్ట్రేటర్లు ఉన్నప్పుడు ఏది ముందు అనేది ఈ సంఖ్యే తేలుస్తుంది, 1 అన్నిటికంటే ముందు. ఈ ఒక్క అంకెను వదిలివేసినందువల్ల మిగతా అమరిక అంతా సక్రమంగా ఉండి కూడా సర్వర్ల సృష్టి విఫలం కావచ్చు. ఇవన్నీ పూర్తయిన తర్వాతే చిరునామాల రిజిస్టరు సేవాద్వారాన్ని సృష్టించి, నెట్‌వర్కు ప్రొఫైల్‌లో దానిని ఎంచుకునే వీలు కలుగుతుంది. ఆ ప్రొఫైల్‌ను సర్వరు నమూనాకు, అంటే బ్లూప్రింటుకు జతచేస్తే అమరిక పూర్తయినట్లు.

2019లో వచ్చిన 8వ తరంలో ఈ మార్గం కొంత కుదించుకుపోయింది. ప్లగిన్ స్థానంలో ఒక ప్యాకేజీ ఉంటుంది. అందులోని చిన్న చిన్న ప్రోగ్రాములు ఒక్కొక్కటి ఒక్కొక్క పని చేస్తాయి. సేవాద్వారం సరిగా ఉందా అని పరీక్షించడం, రిజిస్టరులో ఉన్న శ్రేణులను తెలుసుకోవడం, చిరునామాను కేటాయించడం, సర్వరు తయారైన తర్వాత దాని నెట్‌వర్కు కార్డు సంఖ్య వంటి వివరాలతో నమోదును సరిదిద్దడం, సర్వరు తొలగినప్పుడు చిరునామాను విడుదల చేయడం వాటిలో ముఖ్యమైనవి. ఇన్ఫోబ్లాక్స్‌ను కలిపేటప్పుడు రిజిస్టరు వైపున రెండు అదనపు గడులను ముందుగా సృష్టించవలసి ఉంటుంది. ఒకటి వీఎంవేర్ ఎన్ఐసీ ఇండెక్స్, ఇది పూర్ణాంకం. రెండవది వీఎంవేర్ రిసోర్స్ ఐడీ, ఇది అక్షరాల వరుస. ఏ చిరునామా ఏ సర్వరులోని ఎన్నవ నెట్‌వర్కు కార్డుకు చెందినదో ఈ గడులే చెబుతాయి. కటింగ్ ఆర్డరు మీద సర్వే నంబరు లేకపోతే ఎంత ఉపయోగమో, ఇవి లేని నమోదు కూడా అంతే ఉపయోగం.

సేవాద్వారాన్ని నమోదు చేసేటప్పుడు రిజిస్టరు సర్వరు ఐపీ చిరునామాను కాక దాని పేరును ఇవ్వడం మేలు. చిరునామా మారినా పేరు మారదు. భద్రతా సర్టిఫికెట్ కూడా సాధారణంగా పేరుకే జారీ అవుతుంది. ఖాతా విషయంలో మరింత జాగ్రత్త అవసరం. నెట్‌వర్కు చూసే అధికారి సొంత ఖాతాను ఇక్కడ వాడడం తరచుగా కనిపించే అలవాటు. ఆ అధికారి బదిలీ అయి ఖాతా రద్దయిన రోజున సర్వర్ల సృష్టి ఆగిపోతుంది, కారణం మాత్రం ఎవరికీ తట్టదు. ఈ పనికే ప్రత్యేకంగా ఒక ఖాతాను తెరిచి, కేటాయించిన శ్రేణులలో చిరునామాలు ఇవ్వడానికి, విడుదల చేయడానికి మాత్రమే దానికి అధికారం ఇవ్వాలి. దాని రహస్య పదం గడువు తేదీని కార్యాలయ క్యాలెండరులో గుర్తించి ఉంచాలి.

ఓపెన్‌స్టాక్ వంటి ఉచిత క్లౌడ్ వ్యవస్థలలో ఒకే సేవకు మూడు రకాల ద్వారాలు ఉండవచ్చు. ప్రజలకు, బయటి వినియోగదారులకు ఒకటి, వ్యవస్థ లోపలి సేవలు పరస్పరం మాట్లాడుకోవడానికి ఒకటి, పాలనా వ్యవహారాలకు మరొకటి. లోపలి ద్వారానికి బదులు బయటి ద్వారాన్ని నమోదు చేస్తే పని నడుస్తుంది, అయితే ఒక గదిలోంచి పక్క గదిలోకి వీధి చుట్టి వెళ్లినట్లు రాకపోకలన్నీ ఫైర్‌వాల్ మీదుగా సాగుతాయి. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన క్లౌడ్ ప్రాంతాన్ని ప్రారంభించింది. అటువంటి వాణిజ్య క్లౌడ్‌లలోనూ ప్రైవేటు ద్వారాలు, బహిరంగ ద్వారాలు అనే తేడా ఉంది. అమెజాన్ సొంత చిరునామా రిజిస్టరు సేవ 2021 డిసెంబరు నుంచి అందుబాటులో ఉంది. సొంత డేటా సెంటరుతో పాటు ఇటువంటి క్లౌడ్‌ను కూడా వాడే సంస్థ, రెండు చోట్లా ఒకే శ్రేణిని వాడకుండా ప్రధాన రిజిస్టరులోనే రెండింటికీ వాటాలు వేయాలి. చిన్న కార్యాలయాలు, కళాశాలలు ఖరీదైన ఉత్పత్తుల కోసం వేచి ఉండనవసరం లేదు. పీహెచ్‌పీ ఐపామ్, 2016లో ఓపెన్ సోర్స్‌గా విడుదలైన నెట్‌బాక్స్ వంటివి ఉచితంగా లభిస్తున్నాయి. నెట్‌బాక్స్ అసలు ఉద్దేశమే నెట్‌వర్కులో ఏది ఎలా ఉండాలో రాసి పెట్టడం. డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయం వంటి చోట్ల చదివే విద్యార్థులు ఒక పాత కంప్యూటరు మీద దీనిని అమర్చి అభ్యాసం చేయవచ్చు.

విడుదలలో ఉన్న ప్రమాదం

చిరునామాను కేటాయించడంపై చూపే శ్రద్ధలో సగం కూడా దానిని విడుదల చేయడంపై కనిపించదు. నిజానికి అసలు ప్రమాదం అక్కడే ఉంది. భూరికార్డుల సేవకు చెందిన ఒక సర్వరు చిరునామా 10.50.8.57 అనుకుందాం. డేటాబేసు చుట్టూ ఉన్న ఫైర్‌వాల్‌లో ఆ చిరునామా నుంచి వచ్చే అభ్యర్థనలను అనుమతించాలని నియమం ఉంది. సర్వరు పాతబడి తొలగించారు. రిజిస్టరు చిరునామాను విడుదల చేసింది. ఫైర్‌వాల్ నియమం మాత్రం అలాగే ఉండిపోయింది. మరుసటి వారం వేరొక శాఖ పరీక్షల నిమిత్తం ఒక సర్వరు కోరగా, ఆటోమేషన్ వ్యవస్థ ఖాళీగా ఉన్న 10.50.8.57ను దానికి ఇచ్చింది. ఎవరూ అడగకుండానే, ఎవరూ మంజూరు చేయకుండానే ఆ పరీక్షా యంత్రానికి భూరికార్డుల డేటాబేసు తలుపు తెరుచుకుంది. తెలంగాణలో 2020 అక్టోబరు నుంచి ధరణి, 2025 ఏప్రిల్ నుంచి భూభారతి ద్వారా భూమి హక్కుల వ్యవహారాలు ఆన్‌లైన్‌లోనే సాగుతున్న నేపథ్యంలో ఇటువంటి పొరపాటు ఎవరి పట్టాదారు వివరాల వరకు పోగలదో వేరుగా చెప్పనవసరం లేదు.

పేర్ల పట్టిక అయిన డీఎన్ఎస్‌లోనూ ఇదే జరుగుతుంది. తొలగిన సర్వరు పేరు పట్టికలో మిగిలిపోయి, దాని చిరునామా కొత్త యంత్రానికి వెళితే, పాత పేరుతో వచ్చిన పౌరుడు వేరే సేవకు చేరతాడు. కనుక చిరునామా విడుదల, పేరు తొలగింపు, ఫైర్‌వాల్ నియమం తొలగింపు అనే మూడింటినీ ఒకే పని వరుసలో కలపాలి. మూడింటిలో ఏ ఒక్కటి విఫలమైనా చిరునామాను వెంటనే తిరిగి ఇవ్వకుండా కొంతకాలం విరామంలో ఉంచే సదుపాయం చాలా వ్యవస్థలలో ఉంది. ఆ విరామ కాలాన్ని నిమిషాలలో కాక రోజులలో నిర్ణయించడం ప్రభుత్వ సేవలకు తగినది. చిరునామాలు చాలవన్న భయం ఉంటే శ్రేణిని పెద్దది చేయవచ్చు, 10తో మొదలయ్యే కోటిన్నరకు పైగా చిరునామాలు అందుకే ఉన్నాయి.

రిజిస్టరు ఆగిపోతే సేవలన్నీ ఆగిపోతాయా అన్న సందేహం సహజమే. సాధారణంగా ఆగవు. నడుస్తున్న సర్వర్లకు చిరునామా ఇప్పటికే అంది ఉంటుంది. కొత్త సర్వర్ల సృష్టి, పాత వాటి తొలగింపు మాత్రమే నిలిచిపోతాయి. అయితే అదే పరికరం పేర్ల పట్టికను, తాత్కాలిక చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సేవను కూడా నడుపుతున్నట్లయితే విషయం వేరు. పేర్లు పలకనప్పుడు నడుస్తున్న సేవలు కూడా నిలిచినట్లే. ఇన్ఫోబ్లాక్స్ వంటి ఉత్పత్తులలో ఈ మూడూ ఒకే గొడుగు కింద ఉంటాయి. కావున రెండవ పరికరాన్ని వేరొక భవనంలో ఉంచుకోవడం అవసరం. హైదరాబాద్ నుంచి నిజామాబాద్ సుమారు 175 కిలోమీటర్లు, అక్కడి నుంచి బోధన్ మరో 25 కిలోమీటర్లకు పైగా. మధ్యలో ఫైబర్ తెగినప్పుడు బోధన్ కార్యాలయంలోని యంత్రాలకు స్థానికంగా చిరునామాలు పంచే చిన్న ఏర్పాటు ఉంటే కనీసం ఆ కార్యాలయం లోపలి పనులైనా సాగుతాయి.

రిజిస్టరు అందుబాటులో లేనప్పుడు ఆటోమేషన్ వ్యవస్థ తన సొంత చిట్టా నుంచి చిరునామా ఇచ్చేలా అమర్చుకోవాలన్న ఆలోచన కొందరికి కలుగుతుంది. ఇది వాంఛనీయం కాదు. అభ్యర్థన విఫలమై గంట ఆలస్యం కావడం భరించదగిన ఇబ్బంది. రెండు చిట్టాలు ఏర్పడితే వాటిని మళ్లీ ఒకటి చేయడానికి వారాలు పడుతుంది.

ఆరవ తరం ప్రోటోకాల్

కేంద్ర టెలికాం శాఖ 2010 జులైలో ఆరవ తరం ప్రోటోకాల్‌కు మారే మార్గపత్రాన్ని, 2013లో దాని రెండవ ప్రతిని విడుదల చేసింది. 2012 నుంచి భారతదేశంలో చిరునామాల కేటాయింపును నిక్సీ ఆధ్వర్యంలోని ఇరిన్ చూస్తోంది. మొబైల్ సంస్థల పుణ్యమా అని ఈ ప్రోటోకాల్ వాడుకలో భారతదేశం నేడు ప్రపంచంలో ముందు వరుసలో ఉంది. బోధన్ రైతు చేతిలోని ఫోను చాలావరకు ఆరవ తరం చిరునామాతోనే పనిచేస్తుండగా, కార్యాలయాల లోపలి నెట్‌వర్కులు ఎక్కువగా నాలుగవ తరంలోనే ఉన్నాయి. 128 బిట్ల ఈ చిరునామాలను చేతితో రాసి, కంటితో సరిచూసుకునే పద్ధతి అసాధ్యం. ఎక్సెల్ పట్టికలో నెట్టుకొస్తున్న కార్యాలయాలకు సైతం రిజిస్టరు వ్యవస్థ ఇక్కడ తప్పనిసరి అవుతుంది. సేవాద్వారాన్ని నమోదు చేసేటప్పుడు ప్లగిన్ లేదా ప్యాకేజీ ఆరవ తరం చిరునామాలను కేటాయించగలదా అనేది ముందే పరిశీలించాలి. కొన్ని నాలుగవ తరానికే పరిమితం.

అమరిక పూర్తయిన తర్వాత చేయవలసిన పరీక్ష సులువైనది. ఒక పరీక్షా సర్వరును కోరి, అది తయారైన తర్వాత రిజిస్టరులో దాని పేరు, నెట్‌వర్కు కార్డు సంఖ్య, కోరిన శాఖ నమోదయ్యాయో లేదో చూడాలి. తర్వాత దానిని తొలగించి రిజిస్టరు, పేర్ల పట్టిక, ఫైర్‌వాల్ మూడింటిలోనూ దాని జాడ పోయిందని నిర్ధారించుకోవాలి. రిజిస్టరును కొద్దిసేపు ఆపి మరొక సర్వరును కోరాలి. ఆ అభ్యర్థన స్పష్టమైన కారణంతో విఫలం కావాలి. ఒకేసారి 10 సర్వర్లను కోరినప్పుడు 10 వేర్వేరు చిరునామాలు వచ్చాయా అనేది చివరిగా చూడవలసిన అంశం.